పెద్దకుర్చీకి గొడుగు, చిన్నకుర్చీకి ఎండ

(షామీర్‌పేటలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో మా బృందం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ముందు మా తప్పు ఒకటి ఒప్పుకుని మాట్లాడటం మొదలుపెడతాం.

ఈ మేడ్చల్, షామీర్‌పేట దిక్కున ఒక ఊరు. ఊరి పేరు చెప్పం, ఠాణా పేరు చెప్పం. ఆ ఇంటోళ్లు వద్దన్నారు. ఆ ఊర్లో డిగ్రీ చదివే పిల్లగాడిని దొంగతనం అనుమానంతో రాత్రి పట్టుకుపోయారు. రెండు రాత్రులు ఉంచుకున్నారు. మేజిస్ట్రేట్ ముందుకు తీసుకుపోలేదు, కాగితం మీద అరెస్టు చూపలేదు. మూడో రోజు అసలు దొంగ దొరికాడు. పిల్లగాడిని మెయిన్ రోడ్డు మీద దింపి, పో అన్నారు. వాడు నెల రోజులు అరికాళ్లు నేల మీద సరిగ్గా పెట్టలేదు.

తల్లి మా దగ్గరికి వచ్చింది. మేం ఏం చెప్పాం? పై అధికారికి దరఖాస్తు ఇద్దాం, డిపార్ట్‌మెంట్ విచారణ రిపోర్టు రానీ, అది చేతికొస్తే కేసు బలంగా ఉంటది అన్నాం. ఆమె నమ్మింది. రిపోర్టు ఇవాళ వస్తది, రేపు వస్తది అని చూస్తుంటే ఏడాది దాటింది. అప్పుడు వకీలు దగ్గరికి పోతే ఆయన తల పట్టుకున్నాడు. అక్రమ నిర్బంధానికి నష్టపరిహారం అడుగుతూ సివిల్ దావా వేయాలంటే లిమిటేషన్ చట్టం ఇచ్చిన గడువు ఒక్క ఏడాది. మానవ హక్కుల కమిషన్ కూడా ఏడాది దాటిన సంఘటన మీద విచారణ చేయరాదని 1993 చట్టంలోనే రాసి ఉంది. రెండు తలుపులూ మూసుకున్నాయి. మూసినవాళ్లలో మేమూ ఉన్నాం.

ఆ తల్లి మమ్మల్ని తిట్టలేదు. ఒక్క మాట అడిగింది. "బిడ్డా, మా పిల్లగాడు ఏం జేయకపోయినా రెండు రాత్రులు లోపలేసిండ్రు. వాళ్లు జేసింది ఊరంతా జూసింది. మరి వాళ్లను అడగాలంటే ఎవరి పర్మిషన్ కావాలె?"

ఇవాళ్టి ప్రసంగం అంతా ఆ ప్రశ్న మీదనే.

అమెరికాలో ఏం జరిగింది?

ముందు దూరం ఉన్న ముచ్చట చెబుతాం. మన పిల్లలు వేలమంది అక్కడ ఉన్నారు కాబట్టి అది మనకు మరీ దూరం కాదు.

అమెరికాలో 1871లో ఒక చట్టం చేశారు. బానిసత్వం పోయింది కానీ దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి జనం మీద దాడులు ఆగలేదు. చాలాచోట్ల స్థానిక అధికారులు కళ్లు మూసుకున్నారు, కొన్నిచోట్ల వాళ్లే చేయి కలిపారు. అధికారం చేతిలో పెట్టుకుని పౌరుడి హక్కును తొక్కితే ఆ అధికారి మీద నేరుగా ఫెడరల్ కోర్టులో దావా వేయొచ్చని ఆ చట్టం చెప్పింది. గొప్ప చట్టమే. కానీ 1967లో అక్కడి సుప్రీంకోర్టు, మంచి మనసుతో పనిచేసిన పోలీసుకు రక్షణ ఉండాలన్నది. 1982లో ఇంకో తీర్పుతో కొలబద్దనే మార్చింది. అధికారి మనసులో ఏముందో చూడనక్కర లేదు, అతడు చేసిన పని తప్పని అంతకుముందే చట్టంలో స్పష్టంగా స్థిరపడి ఉందా లేదా అన్నదే చూడాలన్నది.

వినడానికి బాగానే ఉంటది. ఆచరణలో ఏమైంది? సరిగ్గా ఇలాంటి కేసులోనే ముందు ఎవరైనా గెలిచారా అని బాధితుడిని అడగడం మొదలైంది. ముందు తీర్పు లేకపోతే దావా కొట్టేస్తారు. కొట్టేస్తే కొత్త తీర్పు పుట్టదు. తర్వాత వచ్చినవాడికీ అదే జవాబు. బావిలో నీళ్లుంటేనే చేద ఇస్తాం, చేద ఉంటేనే నీళ్లున్నాయని ఒప్పుకుంటాం అన్నట్టు. 2020లో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు మోకాలు కింద చంపిన తర్వాత దేశమంతా దీని మీద మాట్లాడింది. ఆ ఏడాదే కొలరాడో రాష్ట్రం తన చట్టం కింద వేసే దావాల్లో పోలీసులకు ఈ సాకు చెల్లదని చట్టం చేసింది. పరిహారం ఎక్కువగా ప్రభుత్వమే కడుతుంది. కానీ అధికారి మంచి మనసుతో చేయలేదని తేలితే అతడి జేబు నుంచి కూడా కొంత రావాలి. అది పరిహారంలో ఐదు శాతం లేదా 25 వేల డాలర్లు, ఏది తక్కువైతే అది. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

2023 జనవరిలో సియాటిల్‌లో మన కర్నూలు జిల్లా నుంచి చదువుకోను పోయిన ఆడబిడ్డ రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్ది చంపింది. గంటకు 25 మైళ్ల రోడ్డు మీద ఆ కారు 74 మైళ్ల మీద పోయింది. ఇంకో పోలీసు ఆ బిడ్డ ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు నవ్వుతూ మాట్లాడింది అతడి ఒంటి మీది కెమెరాలోనే రికార్డయింది. డ్రైవింగ్ చేసిన అతడి మీద తీవ్ర నేరం కింద కేసు పెట్టలేమని 2024లో అక్కడి ప్రాసిక్యూటర్ చెప్పారు. నవ్వినవాడి కొలువు 2024లో, కారు నడిపినవాడి కొలువు 2025లో పోయింది. ఆ కొలువులు ఊరికే పోలేదు. కెమెరా రికార్డు బయటికొచ్చింది, జనం రోడ్డెక్కారు. రికార్డు దొరక్కపోతే మాట్లాడటానికే ఏమీ ఉండేది కాదు.

మన దగ్గర కాపలా గేటు దగ్గరనే

మన దేశంలో ఈ రక్షణ కవచం వేరే రూపంలో ఉంది. అక్కడ కోర్టు లోపలికి పోయినంక ఆపుతారు. ఇక్కడ గేటు దగ్గరనే ఆపుతారు. ఆ గేటు పేరు శాంక్షన్, అంటే ప్రాసిక్యూషన్‌కు అనుమతి.

ఇంగ్లీషోడు 1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 197 సెక్షన్ పెట్టాడు. 1973 కోడ్‌లోనూ అదే నంబరుతో ఉంచుకున్నాం. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో దాని నంబరు 218. సారాంశం ఇది. సర్కారు అనుమతి లేకుండా కొలువు నుంచి తీసేయడానికి వీల్లేని అధికారి, తన డ్యూటీ చేస్తూ లేదా చేస్తున్నట్టుగా నేరం చేశాడన్న ఆరోపణ వస్తే, సర్కారు అనుమతి లేకుండా కోర్టు ఆ కేసును తీసుకోరాదు.

డ్యూటీ అంటే ఏమిటన్న దాని మీద కోర్టులు ఎప్పటినుంచో తీర్పులు ఇస్తున్నాయి. 1948లో ప్రీవీ కౌన్సిల్ గిల్ కేసులో సూటిగా చెప్పింది. జడ్జి తీర్పు చెప్పడం డ్యూటీ, లంచం తీసుకోవడం డ్యూటీ కాదు. 1955లో మాతాజోగ్ దూబే కేసులో మన సుప్రీంకోర్టు, చేసిన పనికీ డ్యూటీకీ సహేతుకమైన సంబంధం ఉండాలన్నది. 2020లో కర్ణాటక పోలీసుల కేసులో, డ్యూటీ చేస్తూ హద్దు దాటినా డ్యూటీతో సంబంధం ఉంటే శాంక్షన్ కావాల్సిందే అన్నది. ఈ రెండు మాటల నడుమనే మనోళ్ల కేసులు నలుగుతున్నాయి. ఠాణాలో కొట్టడం డ్యూటీకి హద్దు దాటడమా, లేక అసలు డ్యూటీనే కాదా? మా దృష్టిలో చట్టం కొట్టమని ఎక్కడా చెప్పలేదు కాబట్టి అది డ్యూటీ కాదు. కానీ వాదించే వకీలుకు ఫీజు కట్టే స్తోమత ఎవరికుంది?

ఇక్కడ ఉద్యోగ మిత్రులు ఒక సంగతి జాగ్రత్తగా వినాలె. ఈ గొడుగు అందరికీ లేదు. సర్కారు మాత్రమే తీసేయగల పెద్ద అధికారికే ఇది. ఎస్పీనో, డీఐజీనో, ఐజీనో తీసేయగల కింది ఉద్యోగికి ప్రత్యేక నోటిఫికేషన్ ఉంటే తప్ప ఇది వర్తించదు. మైసూరు రాష్ట్రానికి చెందిన నాగరాజ్ కేసులో ఒక సబ్ ఇన్‌స్పెక్టర్‌కే ఈ రక్షణ రాదని సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఏమిటి? ఆర్డర్ వేసిన పెద్దకుర్చీకి గొడుగు, ఆర్డర్ అమలుచేసిన చిన్నకుర్చీకి ఎండ. పని చెడితే కానిస్టేబుల్ సస్పెండ్, వీఆర్వో సస్పెండ్, అటెండర్ సస్పెండ్. ఫోన్‌లో "చూసుకో" అన్న సారు పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

కొత్త సంహితలో ఒక మంచి, ఒక చెడు ఉన్నాయి. మంచి ఏమిటంటే, శాంక్షన్ అడిగిన కాగితం అందిన 120 రోజుల్లో సర్కారు నిర్ణయం చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. 2012లో సుబ్రమణ్యస్వామి కేసులో అవినీతి ఫైళ్ల మీద సుప్రీంకోర్టు మూడు నెలల గడువు గట్టిగా చెప్పినప్పటి నుంచి జరిగిన పోరాటానికి ఇది ఫలితం. చెడు ఏమిటంటే, ఉద్యోగి డ్యూటీలో చేసిన పని మీద ప్రైవేటు ఫిర్యాదు వేస్తే, మేజిస్ట్రేట్ ముందు ఆ అధికారి మాట వినాలె, అతడి పై అధికారి రిపోర్టు తెప్పించుకోవాలె, ఆ తర్వాతనే కేసు తీసుకోవాలె. అది 223 సెక్షన్. దొంగ ఇంటికి పోయి, నీ మీద కేసు పెట్టమంటావా అని అడిగినట్టున్నదని పల్లెల్లో అంటున్నారు. అధికారికి తన మాట చెప్పుకునే అవకాశం ఉండాలె, కాదనం. ఆ రిపోర్టుకు గడువు ఏది?

కోవెలకుంట్ల జైలు నుంచి వచ్చిన తీర్పు

నేరం కేసు ఒక దారి. పరిహారం దావా రెండో దారి. అక్కడ అడ్డం నిలబడేది సార్వభౌమ రక్షణ అనే పాత మాట. రాజు తప్పు చేయడు, కాబట్టి రాజు మీద దావా లేదు. మన రాజ్యాంగం 300 అధికరణం సర్కారు మీద దావా వేయొచ్చు అంటూనే, ఎంతవరకు అన్నది ఈస్టిండియా కంపెనీ కాలం నాటి లెక్కకు ముడిపెట్టింది. 1947 సెప్టెంబర్‌లో మీరట్‌లో ఒక బంగారం వ్యాపారిని పోలీసులు అనుమానం మీద పట్టుకుని నూరు తులాలకు పైగా బంగారం స్వాధీనం చేసుకున్నారు. దాన్ని కాజేసి హెడ్ కానిస్టేబుల్ పాకిస్తాన్‌కు పారిపోయాడు. 1964లో కస్తూరీలాల్ కేసుగా అది తేలింది. పోలీసుల నిర్లక్ష్యం నిజమే, కానీ స్వాధీనం చేసుకోవడం సార్వభౌమాధికారం, కాబట్టి సర్కారు కట్టనక్కర లేదన్నది కోర్టు. ఈ పరిస్థితి బాగా లేదు, చట్టం చేయండి అని ఆ కోర్టే చెప్పింది. అంతకు ముందే 1956లో లా కమిషన్ ఇచ్చిన మొట్టమొదటి రిపోర్టు కూడా దీని మీదనే. 1960లలో బిల్లు పెట్టారు, అది మురిగిపోయింది. ఆ చట్టం ఇప్పటికీ లేదు.

మిత్రులారా, ఆ గోడకు బొక్క కొట్టిన రెండు పెద్ద కేసులు మన తెలుగు నేల నుంచే పోయాయి.

ఒకటి కోవెలకుంట్ల. 1977 మే 5 రాత్రి తెల్లవారితే 6. కర్నూలు జిల్లా కోవెలకుంట్ల సబ్ జైలు మీద బాంబులు వేశారు. లోపలున్న చల్లా చిన్నప్పరెడ్డి చనిపోయాడు. కొడుకు రామకృష్ణారెడ్డి గాయాలతో బతికాడు. మా ప్రాణాలకు ముప్పుందని వాళ్లు ముందే చెప్పుకున్నారు. అయినా కాపలా సరిగ్గా పెట్టలేదు. కొడుకు దావా వేశాడు. జైలు నడపడం సార్వభౌమ పని, పరిహారం లేదని కింది కోర్టు కొట్టేసింది. తర్వాత మన హైకోర్టులో జస్టిస్ జీవన్‌రెడ్డి ధర్మాసనం ఆ మాటను తిప్పికొట్టింది. 21వ అధికరణం ఇచ్చిన ప్రాణహక్కు ముందు 'రాజు తప్పు చేయడు' అనే వాదన నిలవదు అన్నది. 1,44,000 రూపాయలు వడ్డీతో కట్టమన్నది. 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. తండ్రి పోయిన 23 ఏళ్లకు.

రెండోది నాగేంద్రరావు కేసు. 1975లో మన రాష్ట్రంలోనే ఒక ఎరువుల, ధాన్యం వ్యాపారి సరుకును నిత్యావసర సరుకుల చట్టం కింద పట్టుకున్నారు. తర్వాత చాలా భాగం తిరిగి ఇచ్చేయమని ఆర్డర్ వచ్చింది. తీసుకోను పోతే సరుకు పాడయి ఉంది, తరిగి ఉంది. హైకోర్టు కస్తూరీలాల్ పేరు చెప్పి కాదన్నది. 1994లో సుప్రీంకోర్టు, ప్రజాస్వామ్యంలో అధికారుల నిర్లక్ష్యానికి సర్కారు బాధ్యత వహించాల్సిందే అన్నది. అదే జడ్జి, జస్టిస్ సహాయ్, దానికి ముందు ఏడాది 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో ఇంకో మెట్టు ఎక్కారు. సామాన్యుడిని కావాలని తిప్పి తిప్పి వేధిస్తే పరిహారం ముందు డిపార్ట్‌మెంట్ కట్టాలె, తర్వాత బాధ్యులు ఎవరో తేల్చి వాళ్ల దగ్గర వసూలు చేయాలె అన్నారు. ఎందుకంటే ఖజానాలో ఉన్నది జనం సొమ్ము. తన్నులు తిన్నవాడు కట్టిన పన్నుతోనే తన్నినవాడి జరిమానా కడితే అది శిక్ష ఎట్లయితది?

ఈ తీర్పులు వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. మన ఆఫీసుల్లో ఎందరి జీతం నుంచి రికవరీ జరిగిందో మీరే చెప్పండి. చిన్న ఉద్యోగి ట్రావెలింగ్ అలవెన్స్‌లో వంద రూపాయలు ఎక్కువ తీసుకుంటే ఆడిట్ వాళ్లు పదేళ్ల తర్వాత కూడా వసూలు చేస్తారు. పౌరుడి ఒళ్లు చితికితే ఆ ఆడిట్ ఏ ఫైలులో ఉంటది?

మూడుచింతలపల్లి నుంచి అంతాయిపల్లి దాకా

ఇప్పుడు మన గడప ముందుకు వద్దాం. ఠాణా ఒక్కటే చెబితే సగం ముచ్చటే అయితది. మన దిక్కున మనిషిని రోజూ కొట్టేది లాఠీ కంటే ఎక్కువ భూమి రికార్డే.

1971 నాటి రికార్డ్ ఆఫ్ రైట్స్ చట్టంలో ఎనిమిదో సెక్షన్ ఏమంటది? రికార్డులో పేరు ఎక్కించాలనో, తీసేయాలనో సర్కారు మీద గానీ, అధికారి మీద గానీ దావా వేయరాదు. నీ హక్కు కాదన్న మనిషి మీద వేసుకో అన్నది. పక్కోడితో కొట్లాడుకో, రాసినవాడిని అడగకు అని. 2020 సెప్టెంబర్‌లో కొత్త చట్టం వచ్చింది. తహసీల్దార్, ఆర్డీవోల రెవెన్యూ కోర్టులు పోయాయి. 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్‌ను ప్రారంభించింది ఎక్కడ? ఒకప్పుడు మన షామీర్‌పేట మండలంలోనే ఉన్న మూడుచింతలపల్లిలో. నేరుగా, పైరవీ లేకుండా పని అయితదని చెప్పారు. సక్కగా ఉన్న భూములకు తొందరగా రిజిస్ట్రేషన్లు అయిన మాట నిజం. కానీ సర్వే నంబరులో ఒక గుంట తప్పు పడ్డా, నంబరు మొత్తం నిషేధిత జాబితాకు ఎక్కినా, అప్పీలు ఎక్కడ చేయాలె? కలెక్టర్‌కు ఆన్‌లైన్ దరఖాస్తు, లేదంటే సివిల్ కోర్టు, హైకోర్టు. తప్పు ఎవరు కొట్టారంటే కంప్యూటర్ అన్నారు. కంప్యూటర్‌కు శాంక్షన్ అక్కర లేదు, శిక్ష కూడా లేదు.

2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమలుకు వచ్చింది. ఆర్డీవోకు, కలెక్టర్‌కు అప్పీలు మళ్లీ వచ్చింది. మంచిదే. అప్పీలు తప్పును సరిదిద్దుతది. ఆ తప్పు వల్ల పిల్ల పెండ్లికి అమ్ముకోలేక, దవాఖాన ఖర్చుకు కుదువ పెట్టుకోలేక పోయిన ఐదేండ్లకు జవాబు ఎవరు చెప్తారు?

మన జిల్లా కలెక్టరేట్‌ను 2022 ఆగస్టులో అంతాయిపల్లిలో ప్రారంభించారు. పెద్ద భవనం. అదే మండలంలో దేశానికి పేరున్న లా యూనివర్సిటీ నల్సార్ ఉంది. ఒక దిక్కు రాజ్యాంగం చదువుతారు, ఇంకో దిక్కు దరఖాస్తు పట్టుకుని వరుసలో నిలబడతారు. ఈ రెండు గేట్ల నడుమ దూరం కొద్దిగనే. చదివే పిల్లలు వరుసలో నిలబడ్డవాళ్ల దగ్గరికి రావాలని మా కోరిక.

ఉద్యోగి బాధ కూడా చెప్పాలె

ఇక్కడ కూర్చున్న ఉద్యోగులు అనుకుంటుండొచ్చు, వీళ్లు మా మీద జనాన్ని ఎగదోస్తున్నారని. కాదు. 2019 నవంబర్ 4న అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దార్ అక్కను ఆమె ఆఫీసు గదిలోనే తగులబెట్టారు. కాపాడబోయిన డ్రైవర్ కూడా కాలిన గాయాలతో చనిపోయాడు. అది ఘోరం. ఏ భూమి గొడవ కూడా దానికి సమర్థన కాదు. అది గుర్తొస్తే ఇప్పటికీ చాలామంది తహసీల్దార్లకు కుర్చీలో కూర్చుంటే వెన్నులో వణుకు.

నిజాయితీగా ఆర్డర్ వేసినవాడి మీద ఓడిపోయిన పార్టీ రోజుకో కేసు వేస్తే ఎవరూ సంతకం పెట్టరు. ఫైలు మీద "చర్చించండి" అని రాసి పైకి పంపుతారు. కాబట్టి రక్షణ ఉండాలె. మంచి మనసుతో, చట్టం చెప్పినట్టు, కారణం రాసి చేసిన పనికి పూర్తి రక్షణ ఉండాలె. ఆ పనిలో పొరపాటు దొర్లినా ఉండాలె.

కానీ గేటు మూసేస్తే ఉద్యోగి క్షేమంగా ఉంటాడనుకోవడం భ్రమ. కోర్టు తలుపు మూసుకున్న చోట కోపం ఆఫీసు తలుపు మీదకే వస్తది. అప్పుడు దొరికేది ఎవరు? కింద కూర్చున్నవాడే. 2020లో ఒక్క చట్టంతో వీఆర్వో పోస్టులే తీసేశారు. వేలమందిలో తప్పు చేసినవాడెవరు, చేయనివాడెవరు అని ఒక్కొక్కరిని విచారించి చెప్పలేదు. వ్యవస్థ మొత్తం మీద అవినీతి ముద్ర వేసి కుర్చీ లాగేశారు. ఆ ఏడాది ఆగస్టులోనే మన పక్క కీసర తహసీల్దార్ కోటి పది లక్షల నగదుతో ఏసీబీకి దొరికిన సంగతి అందరికీ తెలుసు. అవినీతి కిందనే ఉందా, మీద కూడా ఉందా అన్నది జనానికి విడమరిచి చెప్పక్కర లేదు.

చటాన్‌పల్లి నేర్పిన పాఠం

మనం ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలె. 2019 డిసెంబర్ 6 పొద్దున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపినప్పుడు మనలో చాలామంది స్వీట్లు పంచారు, పోలీసుల మీద పూలు చల్లారు. ఆ వెటర్నరీ డాక్టర్ బిడ్డకు జరిగిన ఘోరం చూసి అందరి రక్తం ఉడికింది, నిజం. కానీ సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఏం చెప్పింది? 2022 మేలో ఆ రిపోర్టు బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగ్గది కాదన్నది. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లు అన్నది. పదిమంది పోలీసుల మీద హత్య కేసు విచారణ జరగాలన్నది. మంచి మనసుతో కాల్చామన్న మాటే నమ్మలేనప్పుడు ఆ సాకు కింద తలదాచుకోవడానికి వీల్లేదన్నది. సుప్రీంకోర్టు దాన్ని మన హైకోర్టుకు పంపింది.

2009 ఫిబ్రవరి 6న మన హైకోర్టులో ఐదుగురు జడ్జిల ధర్మాసనం, ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయాల్సిందే, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాల్సిందే అని తీర్పు చెప్పింది. అది వేళ్లూనుకోకముందే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2014లో సుప్రీంకోర్టే, ప్రతి ఎన్‌కౌంటర్ మరణం మీద ఎఫ్.ఐ.ఆర్., సీఐడీ లేదా వేరే ఠాణా పోలీసులతో దర్యాప్తు, మేజిస్ట్రేట్ విచారణ ఉండాలని మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద ఉన్నది తక్కువేం కాదు.

1969లో తుపాకులు పేలాయి. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో, 2007 జులై 28న ముదిగొండలో పేలాయి. 2009 నవంబర్ చివర ఉస్మానియా హాస్టళ్ల ముందు లాఠీలు లేచాయి. విద్యార్థుల మీద పెట్టిన కేసులు ఎత్తేయమని ఎన్ని ధర్నాలు చేశాం! లాఠీ ఎత్తిన చెయ్యి, ఎత్తమన్న నోరు లెక్క చెప్పాలని ఎన్ని ధర్నాలు చేశాం? రాష్ట్రం మారితే ఠాణా మారుతదనుకున్నాం. జెండా మారింది, బోర్డు మారింది. 2021 జూన్‌లో అడ్డగూడూరు ఠాణాలో దొంగతనం అనుమానం మీద తెచ్చిన ఒక దళిత మహిళ, వంటపని చేసుకుని బతికే అక్క, చనిపోయింది. ఒక ఎస్‌ఐని, ఇద్దరు కానిస్టేబుళ్లను కొలువు నుంచి తీసేశారు. ఇంటోళ్లకు సర్కారు సాయం చేసింది. తీసేయడం ఒక మెట్టు. సాయం ఇంకో మెట్టు. కోర్టులో జవాబు చెప్పడం అసలు మెట్టు. మన ఉద్యమం ఆ మెట్టు దగ్గర గట్టిగా నిలబడలేదు.

మేం అడిగేది

నాలుగు మాటలే అడుగుతున్నాం.

ఒకటి. శాంక్షన్ ఎప్పుడు అడిగారు, ఎప్పుడు అందింది, ఇచ్చారా, కాదన్నారా, కాదంటే కారణం ఏమిటి, ఇవన్నీ ప్రతి ఆరు నెలలకు జనం ముందు పెట్టాలె. 120 రోజుల గడువు ఎవరికీ తెలియకపోతే ఉన్నా లేనట్టే.

రెండు. రక్షణ డ్యూటీ మీద ఆధారపడాలె, హోదా మీద కాదు. రాతపూర్వక ఆర్డర్ పాటించిన చిన్న ఉద్యోగికి గొడుగు ఇవ్వండి. నోటిమాటతో తప్పుడు పని చేయించిన పెద్ద అధికారి గొడుగు తీయండి. ఉద్యోగ సంఘాలు ఈ డిమాండ్ నెత్తికెత్తుకోవాలె. నోటిమాట ఆర్డర్‌కు "సార్, కాగితం మీద ఇవ్వండి" అనే హక్కు కావాలె.

మూడు. 1956 నుంచి పెండింగ్‌లో ఉన్న చట్టం చేయండి. అధికారి తప్పుకు సర్కారు ముందు పరిహారం కట్టాలె. కావాలని చేసిన తప్పయితే కొలరాడోలో లాగా చిన్న వాటా, జీతం నుంచి అయినా సరే, అతడు కట్టాలె. ఎవరి ఇల్లూ కూలగొట్టమని మేం అడగం. ఐదు శాతం చాలు. వంద శాతం మర్చిపోయే మనిషి కూడా తన జేబు నుంచి పోయిన ఐదు శాతాన్ని మర్చిపోడు.

నాలుగు. అక్రమ నిర్బంధం మీద దావాకు, మానవ హక్కుల కమిషన్‌కు ఉన్న ఏడాది గడువు పెంచాలె. డిపార్ట్‌మెంట్ విచారణ నడిచినన్ని రోజులు ఆ గడువు లెక్కలోకి రావద్దు.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది

ఆ చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. ఇది మా తప్పు నుంచి మేం నేర్చుకున్న పాఠం. విద్యార్థులు రాసుకోండి.

ఎవరినైనా పట్టుకుపోతే టైము రాయండి. 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు తేవాలని రాజ్యాంగం 22వ అధికరణం చెప్తది. తేకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్. విడిచిపెట్టిన రోజే సర్కారు దవాఖానకు పోయి దెబ్బలు రాయించుకోండి. నొప్పి తగ్గినంక పోదాం అనుకోవద్దు, నొప్పితో పాటు సాక్ష్యం కూడా తగ్గుతది. ఠాణాల్లో సీసీ కెమెరాలు పెట్టి, రికార్డు 18 నెలలు, వీలు కాకపోతే కనీసం ఏడాది దాచాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రికార్డు దాచిపెట్టమని మొదటి వారంలోనే రాతపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి. సర్కారు మీద దావాకు ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలె. కాబట్టి మూడో నెలలోనే వకీలును కలవండి. ప్రాణహక్కు తొక్కితే హైకోర్టు రిట్‌లో కూడా పరిహారం ఇవ్వొచ్చని 1983లో రుదుల్ సా, 1993లో నీలబతి బెహరా కేసుల్లో సుప్రీంకోర్టు చూపించింది. నీలబతి బెహరా ఎవరు? ఠాణా నుంచి కొడుకు శవమై రైలు పట్టాల మీద దొరికితే, ఒడిశా నుంచి సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసిన తల్లి.

పై అధికారికి దరఖాస్తు పెట్టండి, కాదనం. కానీ దాని జవాబు కోసం చూస్తూ క్యాలెండర్ మర్చిపోవద్దు. మేం మర్చిపోయాం.

ఆ పిల్లగాడికి మేం ఇప్పుడు హైకోర్టులో రిట్ వేయిస్తున్నాం. ఆలస్యం ఎందుకయిందని జడ్జి అడుగుతారు. మా వల్లనే అని మేమే అఫిడవిట్ ఇస్తాం. అయినా గెలుస్తామని ఆ తల్లికి మాట ఇవ్వలేదు. ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రం ఇప్పుడు జవాబు చెప్పగలం. అమ్మా, నేరం కేసుకు వాళ్ల పర్మిషన్ కావాలని సర్కారు అంటది, ఆ మాట మీద కొట్లాట నడుస్తనే ఉంటది. నీ బిడ్డకు పరిహారం అడగడానికి మాత్రం ఎవరి పర్మిషన్ అక్కర లేదు. తారీఖు దాటకుండా ఉండాలె, అంతే. ఆ తారీఖు ముందే చెప్పాల్సిన బాధ్యత మాది ఉండె.

ఇక మీద ఏ తల్లికీ మేం ఆలస్యంగా ఈ మాట చెప్పకూడదనే ఇవాళ మీ ముందు నిలబడ్డాం.